పాత మూత కింద కొత్త ఇంజన్

ఈ మాట చాలా ఏళ్లుగా నా గుండెల మీద ఉంది. ప్రార్థనకు మోకరించినప్పుడల్లా నాతోపాటు అదీ మోకరించేది. కోపం, బద్ధకం, పక్క షెడ్డుకు గిరాకీ ఎక్కువైతే కలిగే అసూయ, అన్నీ ఒప్పుకునేవాడిని. దీన్ని మాత్రం దాటేసేవాడిని. దేవునికి తెలుసు కదా, మళ్లీ చెప్పడం ఎందుకు అనుకునేవాడిని. ఆయనకు తెలిసి ఉండడం, నేను నోరు తెరిచి చెప్పడం ఒకటేనా?

ఇప్పుడు దాటేసే వీలు లేదు. వచ్చే ఆదివారం మా చర్చిలో నేను నిలబడి, దేవుడు చేసిన మేలు ఇదీ అని అందరి ముందు సాక్ష్యం చెప్పాలి. నా సాక్ష్యం కాదు, దానియేలు సారుది. ఆ సాక్ష్యం నిజం కాదని తెలిసినవాడిని నేనొక్కడినే. అందుకే ముందు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. కాబట్టే నోరు పెగులుతోంది.

మంచిర్యాలలో నాకొక మెకానిక్ షెడ్డు ఉంది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు వాక్యం నేర్పుతాను. దానియేలు సారు నాకు బడిలో చదువు చెప్పినాయన, మా సంఘంలో పెద్ద. వాళ్ల బాపు ఒక బొగ్గు కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. ఆ దొర ఊరు విడిచి పోతూ తన విదేశీ కారును ఆయనకే ఇచ్చిపోయాడు. పొడుగు ముక్కు, నల్లటి ఒళ్లు, మీగడ రంగు పైకప్పు, లోపల ఎర్ర తోలు సీట్లు. డ్యాష్‌బోర్డు అంతా నునుపైన చెక్క. ఆ కారు స్టీరింగు ముందు ఆయన జీవితమంతా కూర్చున్నాడు. వెనక సీట్లో మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు. బండి తనదైన రోజున, ఇకమీదట ఆ సీట్లో మన సంఘం ఆడపిల్లలు కూర్చోవాలె అన్నాడట.

అప్పటి నుంచి అదే పద్ధతి. కూలి చేసుకునేవాళ్ల బిడ్డైనా, నర్సు బిడ్డైనా, మా సంఘంలో పెళ్లికూతురు చర్చికి ఆ కారులోనే వస్తుంది. దొర కూర్చున్న చోట కూర్చుని వస్తుంది. ఇది మీకు చిన్న సంగతి అనిపించవచ్చు. మాకు కాదు.

సారుకు డ్రైవింగు రాదు. వాళ్ల బాపు పోయాక స్టీరింగు నా చేతికి ఇచ్చాడు. కానీ బండి తీసే ప్రతిసారీ పక్క సీట్లోంచి వంగి, చల్లబడ్డ ఇంజన్ అంటుకోవడానికి లాగే చోక్ నాబ్‌ను తన చేత్తోనే లాగేవాడు. బాపు అలాగే లాగేవాడట. ఆ తర్వాతే నేను తాళం తిప్పాలి.

అసలు తప్పు ఇక్కడ మొదలైంది. ఎండాకాలం. సుల్తానాబాద్ నుంచి ఒక పెళ్లికూతురును తీసుకొస్తున్నాను. దారి మధ్యలో ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. ఆపాలి. చల్లారనిచ్చి నీళ్లు పోయాలి. ఈ పని నేర్చుకున్న మొదటి వారమే ఎవడైనా తెలుసుకునే సంగతి అది. నేను ఆపలేదు. ఆపితే ఆ పిల్ల పట్టుచీరతో రోడ్డు పక్కన నిలబడాలి అనుకున్నాను. అది నిజమే. కానీ అంతకంటే నిజమైనది ఇంకొకటి ఉంది. నా చేతిలో ఈ బండి ఎన్నడూ ఆగలేదని ఊరంతా చెప్పుకు తిరిగినవాడిని. ఆ పేరు పోగొట్టుకోలేకపోయాను.

పెళ్లికూతురును చర్చి ముందు దించాను. బ్యాండు మోగింది. ఇంజన్ మాత్రం మళ్లీ పలకలేదు.

విప్పి చూస్తే ఆయిల్‌లో నీళ్లు కలిసి చాయ్ రంగుకు తిరిగి ఉంది. ఇంజన్‌కు ఒళ్లు లాంటి ఇనుప బ్లాకు నిలువునా పగిలింది. సారుతో ఏమన్నాను? ముసలిదైంది సారూ, పగిలింది, మార్చాలె అన్నాను. ముల్లు సంగతి చెప్పలేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంజన్ మారిస్తే అది బాపు బండి ఎట్లయితదని అడిగాడు. ప్రార్థన చేద్దాం, కండ్ల ఆపరేషన్ అయినంక వచ్చి చేద్దాం అని హైదరాబాద్ పోయాడు.

ఆయన వచ్చేలోపు మార్చేశాను.

ఇక్కడ నా మాట తీరు మారితే క్షమించండి. ఆ పని గురించి తల వంచుకుని చెప్పడం నాకు చేతకాదు. వెనక నుంచి లారీ గుద్ది నుజ్జయిన ఒక కొత్త పెద్ద బండి దొరికింది. ముందు భాగం చెక్కుచెదరలేదు. అందులోని పెట్రోల్ ఇంజన్‌ను గేరుబాక్సుతో సహా దించాను. పాత ఛాసిస్‌లో దాన్ని నిలబెట్టే పట్టీలు నేనే కోసి, నేనే వెల్డింగ్ చేశాను. వెనక చక్రాలకు పోయే షాఫ్ట్‌ను కరీంనగర్‌లో లేత్ మీద కురచ చేయించాను. కొత్త ఇంజన్‌కు మెదడు లాంటి కంప్యూటర్ పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని డ్యాష్‌బోర్డు చెక్క వెనక దాచాను. ఆ చెక్క మీద ఒక్క గీత పడనివ్వలేదు. చివరికి, పాత ఇంజన్ పైన ఉండే పెద్ద ఇనుప మూతను తోమి, మెరుగు పెట్టి, కొత్త ఇంజన్ మీద బిగించాను. బానెట్ లేపితే ఏమీ మారనట్టే ఉంటుంది.

ఆ మూత ఎందుకు పెట్టాను? అందం కోసమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అందం కోసమైతే సారు వచ్చేముందు గుండె ఎందుకు అంతగా కొట్టుకుంది? కొత్త ఇంజన్ సంగతి చెబితే, పాతది ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. నేను దాచింది ఇంజన్‌ను కాదు. ఆ ఎర్ర గీతను.

ఆదివారం ఆరాధన అయ్యాక సారు ఇంటికి పోయి అంతా చెబుదామనుకున్నాను. కానీ ఆయన పాస్టరు అయ్యగారినీ, సంఘపెద్దలనూ వెంటబెట్టుకుని చర్చి నుంచి నేరుగా షెడ్డుకే వచ్చాడు. కళ్లకు నల్లద్దాలు, చేతిలో నూనె సీసా.

"బానెట్ లేపు బిడ్డా."

"సారూ, జర ఒక మాట..."

"మాట తర్వాత. ముందుగాల ప్రార్థన."

పెద్దల్లో యోహాను తాతకు నోరు ఊరుకోదు. "ఇనుముకు గూడ మారుమనసు ఇప్పిస్తవా సారూ?" అన్నాడు.

"నీకే వచ్చింది గదనే. దీనికి రాదా?" అన్నాడు సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూత మీద నూనె రాశారు. చేతులన్నీ దాని మీద పెట్టారు. నా చెయ్యి కూడా పట్టి పెట్టించారు. అయ్యగారు చాలాసేపు ప్రార్థించారు. నా అరచేతి కింద మూత చల్లగా ఉంది. దాని కింద ఏముందో నాకు తెలుసు. ఆమెన్ అన్నాను.

సారు కూర్చుని చోక్ లాగాడు. దాని వెనక తీగ ఏమీ లేదు. కొత్త ఇంజన్‌కు చోక్ అక్కరలేదు. నేను తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అంటుకుంది. పాలు పొంగినట్టు మెత్తగా, వణుకు లేకుండా.

స్తోత్రం అని అందరూ ఒక్కసారి కేక పెట్టారు. సారు నల్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏం చేసినవ్‌రా బిడ్డా దీనికి?"

"నేనేం చెయ్యలే సారూ. అంతా ప్రభువే."

ఇంతే. నా తప్పంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. మాలో అందరూ అనే మాటే అది. పాట బాగా పాడావంటే అదే అంటాం, పిల్లవాడు పరీక్ష పాసయ్యాడంటే అదే అంటాం. వినయంగా ఉండమని నేర్పిన మాట. ఆ రోజు అబద్ధానికి అంత శుభ్రమైన బట్ట ఇంకెక్కడా దొరకలేదు. చేతులకు నేర్పు ఇచ్చింది ఆయనే కాబట్టి అది నిజమే కదా అని నాతో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో! కానీ సారు దేవుడు ఏం చేశాడని అడగలేదు. నేను ఏం చేశానని అడిగాడు.

మరుసటి ఆదివారం సారు సాక్ష్యం చెప్పాడు. పగిలిన ఇనుమును ప్రభువు అతికించాడన్నాడు. ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ అదే చెప్పాడు. బండి కూడా ఆయన మాటను ఎన్నడూ వమ్ము చేయలేదు. జమ్మికుంట పత్తి లారీల వరుసల మధ్య గంటల తరబడి నిలబడినా వేడెక్కలేదు. ఆదిలాబాద్ పోయే దారిలో ఘాట్ ఎక్కినా రొప్పలేదు. దాన్ని నడుపుతూ ఆ శబ్దం వింటుంటే నా ఛాతీ నిండిపోయేది. గర్వం పాపమని పిల్లలకు నేర్పేవాడినే నేను. అయినా చెబుతున్నాను. ఆ ఇంజన్ నా జీవితంలో చేసిన మంచి పని.

ఒకరోజు పొద్దున మార్తమ్మ భర్తను ఆటోలో తీసుకొచ్చింది. మా సంఘం మనిషే. అతనికి ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమట. ఆసుపత్రికి కాదు, నా షెడ్డుకు తీసుకొచ్చింది. బానెట్ మీద అతని చెయ్యి పెట్టనియ్యమని నన్ను బతిమాలింది. ఇద్దరినీ ఆ వెనక సీట్లోనే ఎక్కించి కరీంనగర్ పెద్దాసుపత్రి దాకా ఎక్కడా ఆపకుండా తోలాను. పాత ఇంజన్ అయితే అంత తొందరగా చేరేది కాదు. అతను బతికాడు. ముందే ఎందుకు తేలేదని డాక్టరు అడిగితే మార్తమ్మ చెప్పిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "ముందుగాల బండి కాడికి పోయినం సారూ."

నా ఇంజన్ అతన్ని కాపాడిందని నేను సంతోషించాలా? నా అబద్ధం అతన్ని ముందు తప్పుడు గుమ్మానికి పంపిందని ఏడవాలా? రెండూ చేశాను. సంఘం మాత్రం దాన్ని కూడా సాక్ష్యంలో కలుపుకుంది.

మొన్న సారును చూడటానికి పోయాను. చూపు దాదాపు పోయింది. గొంతు గాలిలాగా వస్తోంది. నా మణికట్టు పట్టుకుని, "ఇగ నాతోని కాదు బిడ్డా. గా సాక్ష్యం ఇగ నువ్వే చెప్పాలె. నువ్వు కండ్లార చూసినోనివి," అన్నాడు.

ఊరుకోవడం ఒకటి. చర్చిలో బల్ల దగ్గర నిలబడి నా నోటితో చెప్పడం ఇంకొకటి. రేపు ఇంకో మార్తమ్మ వస్తే?

ఈ ఉదయం ఆ మూత బోల్టులు విప్పాను. మూత బల్ల మీద ఉంది. షెడ్డు వెనక టార్పాలిన్ పట్టా కింద ఇన్నాళ్లూ దాచిన పగిలిన బ్లాకును కూడా బయటికి లాగాను. శనివారం సారును ఇక్కడికి తీసుకొస్తాను. ఆయన వేళ్లను ముందు ఆ పగులు మీద పెడతాను. ఎర్ర గీత సంగతి చెబుతాను. తర్వాత కొత్త ఇంజన్ మీద పెడతాను. చోక్ వెనక తీగ లేదని కూడా చెప్పాలి. అన్నిటికంటే అదే కష్టంగా ఉంది. ఆయన నన్ను క్షమిస్తాడో లేదో తెలియదు. సంఘం నన్ను పిల్లల ముందు నిలబడనిస్తుందో లేదో తెలియదు. ఆదివారం మాత్రం చెప్పేది నా సాక్ష్యమే.

ఇందాక ఎవరూ లేనప్పుడు ఇంజన్ స్టార్ట్ చేశాను. మూత లేకుండా, దాని సొంత ముఖంతో, అలాగే మెత్తగా తిరుగుతోంది. అన్నేళ్ల కింద సారు అడిగిన ప్రశ్నకు జవాబు ఒకసారి పైకి అని చూసుకున్నాను.

"నేనే చేసిన సారూ."