బండలో దిగిన కడీలు

బాపు పోయాక మా మెట్ట చెలక నా పేరు మీదికి వచ్చింది. నర్మెట్ట దగ్గర మా ఊరు. నేను జనగామలో బడి పంతులమ్మను. పాత కంచె తీగ తుప్పు పట్టి, ముట్టుకుంటే రాలిపోతోంది. అడవిపందులు పంటను బతకనివ్వడం లేదు. కొత్త కంచె వేయించాలని ముందుగా సర్వేయరుతో కొలిపించాను.

ఉత్తరపు మూలకు రాగానే ఆయన ఆగిపోయాడు. అక్కడ నేలలో పెద్ద బండ ఉంది. అసలు హద్దు దాని మీదుగానే పోతుంది. బండలో కంచెకు పాతే రాతి కడీలు దిగక, బాపు కంచెను పక్క చెలకలోకి తిప్పి, అలాగే వదిలేశాడు. ఆ చెలక భర్త లేని ఒక పెద్దమ్మది. ఆమెకూ మా అమ్మకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఎందుకో నాకు ఆ రోజే తెలిసింది.

కంచెను అసలు హద్దు మీదికి జరిపిస్తానని ఇంటికి వెళ్లి చెప్పాను. "జరిపేది లేదు," అంది అమ్మ. "మీ బాపు పాతిన కడీలవి. ఆయన పెట్టిన జామచెట్టు గూడ ఆ ముక్కల్నే ఉన్నది."

"చెట్టు మనదే అమ్మా, భూమి మనది గాదు గదా."

"ఎవలన్న అడిగిండ్రా? అడగక ముందే ఇచ్చొస్తవా?"

"అడిగినందుకే గదా మీకు మాటల్లేవు?"

అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

గుంతలు తీసేవాళ్లు కూడా తల అడ్డంగా ఊపారు. "అక్కా, ఈడ కడీ దిగదు. పాత జాడల్నే పెట్టిపోతం."

"ఏ మిషిన్ కావాల్నో అది తెండ్రి. కంచె మాత్రం బండ మీదికెల్లే పోవాలె," అన్నాను.

రాయి తొలిచే మిషన్ వచ్చింది. ఆ చప్పుడుకు పెద్దమ్మ కొడవలి చేతపట్టుకునే వచ్చేసింది.

"ఇంకెంత జరుగుతరే మా దిక్కు? మీ బాపు తిన్నది సాలలేదా?"

బాపును అనేసరికి ఒళ్లు మండింది. మాట మింగి, హద్దు పొడవునా కట్టిన తాడు దగ్గరికి ఆమెను తీసుకెళ్లాను.

"జర గిది జూడు పెద్దమ్మా. తాడుకు అవుతలిదంతా నీదే."

ఆమె తాడు వెంట ఆ చివరి దాకా నడిచి, వంగి లాగి చూసి, తిరిగి వచ్చింది.

"జామచెట్టు?"

"అది గూడ నీ దిక్కే పడ్డది."

"మీ అమ్మ ఒప్పుకున్నదా?"

"లేదు."

"మరెట్ల?"

"కంచె నేను ఏయిస్తున్న. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

ఆమె నమ్మినట్టు లేదు. గెట్టు మీద కూర్చుని అక్కడే ఉండిపోయింది. బండ అంత తేలిగ్గా లొంగలేదు. మధ్యలో మిషన్ సూది విరిగితే ఇంకోటి తెప్పించాను. చివరి కడీ నిలబడేసరికి రాతిపొడితో మా ఇద్దరి తలలూ తెల్లబడ్డాయి. ఆమె కొడవలి తీసుకుని లేచి వెళ్లిపోయింది. ఇంట్లో అమ్మ నాకు అన్నం పెట్టింది కానీ, పక్కన కూర్చోలేదు.

వానలు పడ్డాక పెద్దమ్మ ఆ ముక్కను తన చెలకలో కలిపి దున్ని పత్తి గింజలు పెట్టింది. అమ్మ అటువైపు చాలా రోజులు పోలేదు. ఒకనాడు తనంతట తానే నా వెంట వచ్చింది. కంచెకు అవతల పెద్దమ్మ కలుపు తీస్తోంది. అమ్మ కంచె దగ్గరికి వెళ్లింది.

"మొలక మంచిగనే వచ్చినట్టున్నది?"

పెద్దమ్మ తలెత్తింది. "వచ్చింది. గడ్డే సస్తలేదు."

"మాది గూడ గంతే."

అమ్మ ఇంటి దారి పట్టింది. నేను తన వెనకే నడిచాను.