గేటు అవతలి ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేవి గేదెలు. వాటి తరవాత మా మేనత్త, ఆ తరవాతే సూర్యుడు. మేము చేనేతవాళ్ళం. బెజవాడ ఊరి చివర, గుణదల వైపు పోయే దారిలో, కాలువ పక్కన మా వీధి ఉండేది. యుద్ధం రోజులు కావడంతో నూలు దొరకడం మానేసింది. మా నాన్న మగ్గం మీద దుప్పటి కప్పేసి, దొరికిన కూలి పనికల్లా వెళ్ళేవాడు. అంతకుముందు అన్నం వార్చిన గంజిని మగ్గానికెక్కించే పడుగు నూలుకి పట్టించేవాళ్ళం, ఆ రోజుల్లో దాన్ని మేమే తాగాం. నిజం చెప్పాలంటే ఇల్లు నడిచింది మా మేనత్త రెండు గేదెల మీద.

భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి ఆవిడ. వస్తూ ఒక గేదెని తోలుకొచ్చిందట, దానికి పుట్టినదే రెండోది. పొద్దున్నే పద్నాలుగు ఇళ్ళకి పాలు పోసేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళి కుడితి తెచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన అన్నం, పులిసిన పులుసు, అన్నీ ఒక కుండలో వేసి ఆ ఇళ్ళవాళ్ళు పెరటి గుమ్మం దగ్గర ఉంచేవారు. తవుడు కొనే స్తోమత లేని మాకు ఆ కుడితే ఆధారం. వాళ్ళు పారబోసేది మా గేదెల కడుపులో పడి, మర్నాటికి పాలై మళ్ళీ వాళ్ళింటికే వెళ్ళేది.

మేనత్త తిరిగే వరస మాత్రం నాకు వింతగా ఉండేది. నిండు బిందె చంకన పెట్టుకుని, మా వీధిలో ఇళ్ళన్నీ దాటుకుంటూ, ఎవరు పిలిచినా "వస్తానమ్మా, వస్తా" అంటూ, నేరుగా రైలు గేటు అవతల ఉన్న గార్డు గారింటికి పోయేది. మా ఇంటికి అన్నిటికంటే దూరం అదే. అక్కడ పోశాక వెనక్కి వస్తూ మిగతా ఇళ్ళకి పోసేది. నేను అయిదో తరగతి. లెక్కల్లో క్లాసుకి మొదటిదాన్ని, ఆ సంగతి ఊరందరికీ తెలియాలని నా కోరిక. దగ్గర ఇళ్ళకి ముందు పోసుకుంటూ పోతే బిందె తేలికవుతుంది కదా, ఒకే తిరుగుడులో కుడితి కూడా తెచ్చుకుంటే మధ్యాహ్నం ఎండలో రెండోసారి నడక తప్పుతుంది కదా అని పలక మీద బొమ్మ గీసి మరీ లెక్క తేల్చాను. మా మేనత్తకి చదువు లేదు కాబట్టి ఇది తట్టలేదని జాలిపడ్డాను కూడా.

గార్డు గారి భార్య పురిట్లో పోయింది. మూడు నెలల పసివాణ్ణి ఆయన తల్లి పెంచుతోంది. ఆవిణ్ణి అందరం మామ్మగారు అనేవాళ్ళం. పసిపిల్లలకి ఒకే గేదె పాలు పట్టాలని, రెండు గేదెల పాలు కలిస్తే వాళ్ళకి అరగవని మా వైపు గట్టి పట్టింపు. ఒకసారి ఎవరో తెచ్చిన పాలు పడితే ఆ పిల్లవాడికి విరేచనాలు పట్టుకుని, బతుకుతాడో లేదో అన్నంతవరకు వెళ్ళింది. అప్పటినుంచి మా పెద్ద గేదె పాలు సోలెడు వేరే చెంబులో పిండి, మూతికి తడిగుడ్డ కట్టి, మేనత్త వాడికని పట్టుకెళ్ళేది.

అది మంచి వేసవి. ముందురోజు సాయంత్రం చిన్న గేదె మేనత్త పాదం తొక్కింది. తెల్లారేసరికి పాదం బూరెలా పొంగింది. ఎలాగో పాలు పిండింది గానీ, నడవలేక నన్ను పిలిచింది.

"నేను వెళ్ళినట్టే వెళ్ళు. ముందు గేటు అవతలికి, తరవాతే మిగతా ఇళ్ళు. వరస మార్చకు, తెలిసిందా?"

తెలిసిందన్నాను. నోరు అలా అంటూనే ఉంది, బుర్రలో పలక మీది బొమ్మ తిరుగుతోంది.

సందు మలుపు తిరగ్గానే నా తెలివి మొదలైంది. కుడితి కోసం పెరట్లోంచి ఒక రేకు డబ్బా ముందే తెచ్చి కంచె దగ్గర దాచుకున్నాను. చంకలో బిందె, ఒక చేతిలో డబ్బా. చెంబు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని చెంబులో పాలు బిందెలో పోసేసి, ఖాళీ చెంబు బిందె మూతికి బోర్లించాను. పాలు పాలే కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకున్నా నన్ను నేను లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

మొదటి ఇంటి నుంచే అంతా నేననుకున్నట్టే జరిగింది. రోజూ ఆఖర్న పాలు అందేవాళ్ళకి ఆ రోజు ముందే అందాయి, నన్ను మెచ్చుకున్నారు. డబ్బా చూసి రాత్రి తాలూకు కుడితి తెచ్చి పోశారు. నేను బిందె అరుగు మీద పెట్టి డబ్బా పట్టుకునేదాన్ని. కుడితి చేతి మీద చిందేది, లంగాకి తుడుచుకునేదాన్ని, అదే చేత్తో గ్లాసు ముంచి పక్కింటికి పాలు కొలిచేదాన్ని. పదమూడు ఇళ్ళూ అలాగే పూర్తి చేశాను. బిందెలో పసివాడి పాలు మాత్రం మిగిలాయి. ఎంత సులువుగా అయిపోయిందో మేనత్తకి ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూ రైలు కట్ట దగ్గరికి వచ్చాను.

గేటు వేసి ఉంది. మిలటరీ రైలు ఒకటి గేటుకి అడ్డంగా ఆగిపోయింది. ఇటు చూస్తే ఇంజను కనపడదు, అటు చూస్తే చివరి పెట్టె కనపడదు. గడ్డి బండ్లు నాలుగు వరసగా నిలబడి ఉన్నాయి. గేటు కాసే ఆయన్ని అడిగితే, పొద్దుటి మెయిలు రైలు వెళ్ళిన దగ్గరనుంచి ఇదే వరస, పొద్దెక్కితే గేటు ఎప్పుడు తీస్తారో దేవుడికే తెలియాలి, మీ అత్త చీకటితోనే వచ్చి పోయేది అందుకే కదా అన్నాడు.

ఎండ ముదిరింది. రైలు పెట్టెల సందుల్లోంచి గార్డు గారి ఇల్లు కనపడుతోంది. ఆ ఇంట్లోంచి పసివాడి ఏడుపు వినపడుతోంది. వాడు రాత్రి తాగిన పాలే, మళ్ళీ ఏమీ లేదు. బండ్ల నీడలో కూర్చుని బిందె మూత తీసి చూశాను. పుల్లటి వాసన గుప్పున కొట్టింది. పాలు విరిగి తెల్లటి తరకలు తేలుతున్నాయి. చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే వాసన. అంతా ఒక్కసారి అర్థమైంది. కాసిని నీళ్ళు కలిపి గిలకొట్టి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అన్న పాపపు ఆలోచన కూడా వచ్చింది, దాచుకోను. ఇంతలో ఏడుపు సన్నగిల్లింది. నేను బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

మేనత్త అరుగు మీద పాదానికి ఉప్పు కాపడం పెట్టుకుంటోంది. నేను ఏడుస్తూ చెప్పిందంతా విన్నది. కొడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"బాబు తాగాడా, లేదా?" అని ఒక్కటే అడిగింది.

లేదన్నాను. లేచి, గోడ పట్టుకుని, కుంటుకుంటూ పెద్ద గేదె దగ్గరికి వెళ్ళింది.

పాలు పిండేటప్పుడు ఒక రొమ్ము దూడకి వదిలేయడం మా మేనత్త పద్ధతి. ఎంత కరువొచ్చినా ఆ రొమ్ము ముట్టుకునేది కాదు. ఆ పూట దూడ ఇంకా కట్టేసే ఉంది. దాన్ని విప్పి వదిలితే తల్లి దగ్గరికి ఉరికి పొదుగు కుమ్మింది. గేదె వేళకాని వేళ పాలు చేపడానికి ఇష్టపడలేదు, కాళ్ళు మార్చింది, తోక విసిరింది. మేనత్త దాని పొదుగు మీద చెయ్యి వేసి ఏదో చెబుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు సార్లు లాగినా చుక్క రాలేదు. చివరికి గేదె చేపింది. మేనత్త దూడ మూతిని మోచేత్తో పక్కకి తోసింది. "నువ్వు గడ్డయినా కొరుకుతావురా, వాడు కొరకలేడు," అంటూ ఇంకో చెంబులోకి పిండింది. సోలెడు కూడా కాలేదు.

తడిగుడ్డ కట్టి ఆ చెంబు నా చేతిలో పెట్టింది. నేను వెనక్కి తగ్గాను. నా చేతులకి ఇంక దేన్నీ ముట్టుకునే అర్హత లేదనిపించింది. మేనత్త నా రెండు చేతులూ బూడిదతో తోమి, కడిగి, మళ్ళీ చెంబు ఇచ్చింది. "నేను గోడ పట్టుకోవాలి. నువ్వే పట్టుకో," అన్నది. గోడ అయిపోయాక నా భుజం పట్టుకుంది. ఆ పాదంతో గేటు దాకా నడిచింది. అడుగడుక్కీ ఆవిడ వేళ్ళు నా భుజంలో గుచ్చుకునేవి.

రైలు అలాగే ఉంది. ఇప్పుడు మామ్మగారు పసివాణ్ణి ఎత్తుకుని అవతలి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. చక్రాల సందుల్లోంచి ఆవిడ చీర అంచు, పాదాలు కనపడుతున్నాయి. ఏడుపు మాత్రం వినపడలేదు. నేను వంగి పెట్టె కిందినుంచి దూరబోయాను. మేనత్త నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. ఆ రోజు ఆవిడకి కోపం వచ్చింది అప్పుడొక్కసారే.

"ఒక ప్రాణం నిలబెట్టడానికి ఇంకో ప్రాణం పెడతావుటే?"

తరవాత చుట్టూ చూసింది. మా ఎదురుగా ఉన్న పెట్టె తలుపులో ఒక సిపాయి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏ దేశంవాడో, ఏ భాషవాడో తెలియదు. మేనత్త నా చేతిలో చెంబు తీసి అతని వైపు చాచింది. తనకే ఇస్తున్నారనుకుని నవ్వాడు, గుడ్డ విప్పబోయాడు. మేనత్త చెంబు మళ్ళీ నా చేతిలో పెట్టి, గట్టిగా తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ ఉయ్యాలలా ఊపి చూపించింది. పెట్టె అవతలి వైపు వేలు చూపించింది. అతను లేచి వెళ్ళి అవతలి తలుపులోంచి తొంగి చూశాడు. మళ్ళీ వచ్చినప్పుడు మొహంలో నవ్వు లేదు. రెండు చేతులతో చెంబు అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఇంజను కూత వేసింది. గొలుసులు ఒకదాని తరవాత ఒకటి టంగుమన్నాయి. చెంబుతో అతను లోపలికి మాయమయ్యాడు, రైలు కదిలింది. ఇచ్చాడో, తడబడి పారబోశాడో, చెంబుతో సహా వెళ్ళిపోయాడో, ఏమీ తెలియదు. ఒక పెట్టె, ఇంకో పెట్టె, మరో పెట్టె, ఎన్ని వెళ్ళినా రైలు అయిపోదేం? మేనత్త వేళ్ళు నా భుజాన్ని వదల్లేదు.

చివరి పెట్టె దాటింది. మామ్మగారు అవతల నేల మీద కూలబడి ఉంది. పసివాడు ఒళ్ళో ఉన్నాడు, కదలడం లేదు. ఇంతలో ఆవిడ ఉగ్గుగిన్నె పైకెత్తి, చెంబులోంచి ఇంకాసిని పాలు ఒంపుకుని, వాడి నోట్లో పెట్టింది. ఆ చిన్న కాలు ఒకటి గాల్లోకి లేచింది. మేనత్త ఉన్నచోటనే మట్టిలో కూర్చుని, పాదం పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

అయితే ఆ రోజు అంతటితో అయిపోలేదు. వెనక్కి వస్తూ పదమూడు గుమ్మాలూ ఆవిడ ఎక్కింది. పాలల్లో కుడితి చెయ్యి పడింది, తాగకండమ్మా, పొరపాటు మాదేనండి అని చెప్పింది. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. ఎంగిలి చేత్తో పాలు పోస్తారా అని ఒకావిడ గుమ్మంలో పసుపు నీళ్ళు చల్లించుకుంది. రెండు ఇళ్ళవాళ్ళు మర్నాటినుంచి రావద్దన్నారు. నేను ఆవిడ చెంగు వెనక నిలబడి ప్రతి మాటా విన్నాను.

మర్నాడు చీకటితోనే నన్ను మళ్ళీ లేపింది. బిందె చంకన పెట్టి, చెంబు చేతిలో పెట్టి పంపించింది. వరస ఎందుకలా పెట్టిందో అప్పుడైనా చెబుతుందనుకున్నాను. మొదటి ఇల్లు ఎవరిదీ అని అడిగింది. గేటు అవతలిది అన్నాను. ఎందుకూ అంది. దూరం కాబట్టి అన్నాను, గేటు పడుతుంది కాబట్టి అన్నాను. కాదంది. "మిగతా పదమూడు ఇళ్ళవాళ్ళూ ఆలస్యమైతే నన్ను తిడతారు. వాడికి తిట్టడం కూడా రాదు. అందుకని," అంది.

నాకిప్పుడు తొంభై దాటాయి. మా మనవడు సరుకులు ఇళ్ళకి చేర్చే కంపెనీలో దారులు గీసే ఉద్యోగం చేస్తాడు. ఏ బండి ఏ వీధి నుంచి వెళితే తక్కువ తిరుగుడో, ఎంత పెట్రోలు మిగులుతుందో ఉత్సాహంగా చెబుతుంటాడు. వాడి తెలివి చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది, ఎందుకంటే ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. నేను మాత్రం ఇల్లు నడిపినప్పుడూ, పది మందికి వడ్డించినప్పుడూ, జబ్బు మనుషుల మధ్య తిరిగినప్పుడూ ఒకటే అలవాటు పెట్టుకున్నాను. పిలిచేవాళ్ళ గొంతులు వినపడుతూనే ఉంటాయి, వాళ్ళకి ఫరవాలేదు. ఏ గొంతు ఆగిపోయిందో చెవి పెట్టి వింటాను, ముందు అటు వెళతాను.