కండెతో తాగిన మందు

అక్క పోయిన తర్వాత పరామర్శకు వచ్చిన ఆడవాళ్లందరూ ఆమె చేతుల గురించే మాట్లాడారు. కిందికి చూడకుండా బీడీ చుట్టేదని, దారిన పోయేవాళ్లను పలకరిస్తూనే చుట్టేదని, అలాంటి చెయ్యి దాజీ పేట్‌లో మళ్లీ పుట్టదని అన్నారు. నేను తల ఊపాను. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కాని అది సగమే. మిగతా సగం వాళ్లు మరిచిపోయారు, లేదా చావింట్లో అనడం బాగుండదని ఊరుకున్నారు. నేను మరిచిపోలేదు.

అమ్మానాన్నలు పోయాక నేను అక్క దగ్గరే ఉన్నాను. బావ పవర్‌లూమ్ మీద టవళ్లు నేసేవాడు. నేను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. అక్క ఇంటిముందు అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని, వీధిలోని మిగతా ఆడవాళ్లతో పాటు బీడీలు చుట్టేది. నానబెట్టిన ఆకును కత్తిరించి, అందులో తంబాకు పరిచి, చుట్టి, మూతిని గోటితో మడిచి, అడుగున దారం కట్టాలి. తంబాకు ఎక్కువైందో తక్కువైందో చెప్పేది కన్ను కాదు, వేలి కొన. కారఖానాలో బీడీలు చూసి తీసుకునేవాడు కట్టను నొక్కి చూస్తాడు. మెత్తగా ఉంటే పక్కన పడేస్తాడు. అక్క కట్టలను నొక్కడం కూడా మానేశాడని చెప్పుకునేవారు. అక్కకు చదువు లేదు, పిల్లలు కలగలేదు. ఆ వేళ్లే ఆమెకున్న పేరు. అరుగు మీద ఆమె కూర్చునే చోటును ఎవరూ అడిగేవారు కాదు.

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె నెత్తురు కక్కింది. అంతకు ముందు ఎన్నాళ్ల నుంచో కడుపు మంట ఉండేది. సోడా తాగేది, అదే తగ్గుతుందనేది. పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. ఆపరేషన్ అయ్యాక డాక్టరు బయటికి వచ్చి, కడుపులో పుండు పగిలిందని, ముప్పావు భాగం తీసేశామని చెప్పాడు. మిగిలింది ఇంత అని పిడికిలి సగం మూసి చూపించాడు.

బావ ఆ పిడికిలి వైపే చూస్తూ, "మరి అన్నం యాడికి పోతది సాబ్?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నాకూ అదే ప్రశ్న వచ్చింది. నేను చదివిన పుస్తకాల్లో మనుషులు ప్రేమ లేక, అన్నం లేక బతికారు. కడుపు లేకుండా బతికినవాళ్లు ఎక్కడా కనిపించలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఆ ఊరి భాష మరాఠీలో గబగబా చెప్పాడు. కొంచెం కొంచెంగా తినాలి, నమిలి నమిలి తినాలి. ఒంట్లో బలం నిలవాలంటే విటమిన్ గోళీలు, ఇనుము గోళీలు జీవితాంతం రోజూ వేసుకోవాలి. నెలకోసారి సూది వేయించుకోవాలి. ఇంతే. వెనక ఇంకో రోగి స్ట్రెచర్ మీద ఉన్నాడు.

అక్కకు అన్నం దిగింది. పప్పు కలిపి మెత్తగా చేస్తే, మెల్లగా, పిట్టలా తినేది. గోళీ మాత్రం దిగేది కాదు. నీళ్లతో వేసుకున్నా, అరటిపండులో పెట్టి మింగినా రొమ్ముల నడుమ ఆగిపోయేది. కండ్లు తేలేసి, ఎదమీద గుద్దుకుని, చివరకు కక్కేసేది.

"గొంతుల కాదే, ఈడ," అని ఎముక మీద వేలు పెట్టి చూపించేది. "తలుపు మూసుకున్నట్టే ఉంటది."

గోళీలు పనికిరాని ఆ రోజుల్లో మా గల్లీలోని కంపౌండరు వచ్చి సూది వేసేవాడు. ఆ మందు ఎర్రగా ఉండేది. బావ అది చూసి రక్తమే ఎక్కిస్తున్నారనుకున్నాడు, సంతోషించాడు. గోళీ మింగలేనివాళ్లకు సూది వేస్తారని మాకు అర్థమైంది. అలా అని మాకు ఎవరూ చెప్పలేదు. కండ్ల ముందు జరుగుతున్నది అలాగే ఉంది.

గోళీలు దంచాలన్న ఆలోచన ఎదురింటి పెద్దమ్మది. ఆమె అక్కతో పాటే బీడీలు చుట్టేది, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. అల్లం దంచే చిన్న రోట్లో ఒక్కో రకం గోళీ వేసి మెత్తగా నూరింది. సున్నంలా ఒకటి, పసుపులా ఒకటి, తుప్పులా ఒకటి. నీళ్లలో కలిపితే బురదలా అయింది. అక్క తాగింది. ఎక్కడా ఆగలేదు. కాని నాలుగు రోజులకే ఇనుము మందుకు పండ్లు నల్లబడ్డాయి. అక్క అద్దం చూసుకుని ఇక తాగనని మొండికేసింది.

అప్పుడు బావ అటక ఎక్కాడు. వాళ్ల నాన్న మగ్గం నేసిన రోజుల నాటి సామాను అక్కడ ఉండేది. అందులోంచి ఒక కండె తీసుకొచ్చాడు. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, అడ్డం నూలు చుట్టుకునే సన్నని గొట్టం, పాతకాలంలో బోలు వెదురుపుల్లతో చేసేవారు. దాన్ని వేడినీళ్లలో ఉడికించి, ఎండలో పెట్టి, అక్క చేతికిచ్చాడు.

"పండ్లకు తాకకుండ గుంజు," అన్నాడు.

అక్క కండెను నాలుక మీదికి పెట్టుకుని ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేసింది. అరుగు మీది వాళ్లంతా చూశారు.

"ఏందే పిల్లా, కల్లు దుకాణం ఇంట్లనే పెట్టిండా నీ మొగడు?" అంది పెద్దమ్మ.

"నీకు గూడ పోయాల్నా?"

"నాకెందుకే, నా కడుపు నాకే ఉన్నది!"

అందరూ నవ్వారు. అక్క కూడా పొట్ట మీద కుట్లు పట్టుకుని నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. బావ నవ్వలేదు. కండెను కడిగి గూట్లో పెట్టాడు, దేవుడి పటం పక్కన.

తర్వాత కంపౌండరు వచ్చినప్పుడు పెద్దమ్మే చెప్పింది. "గోళీలన్నీ తాగవట్టె గద, ఇంక సూదెందుకు పొడుస్తవయ్యా?" కంపౌండరు ఆలోచించి, నిజమే అని సూది సంచిలో పెట్టేశాడు. అక్క చీర కొంగు సర్దుకుని లేచింది. ఆ రోజు ఇంట్లో పండగలా ఉంది.

రెండు మూడేండ్లు బాగానే గడిచాయి. అక్క మళ్లీ అరుగెక్కింది. తన చోట కూర్చుంది. పొద్దున రోటి చప్పుడు, తర్వాత కండె. ఒక్క రోజు తప్పలేదు.

తర్వాత పాదాలకు తిమ్మిర్లు మొదలయ్యాయి. అరుగు మీద చెబితే అందరికీ ఉన్నవే అన్నారు. నిజంగానే అందరికీ ఉన్నాయి. పొద్దంతా కాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లకు కాళ్లు మొద్దుబారక ఏమవుతాయి? తర్వాత నాలుక ఎర్రబడి మంట పుట్టింది. పండ్లకు మిశ్రీ రుద్దుతావు కదా, ఆ కాల్చిన తంబాకు పొడి వల్లే అన్నారు. అక్క మిశ్రీ మానేసింది. మంట మానలేదు. తర్వాత వేలి కొనలు మొద్దుబారాయి. దానికైతే ఎవరూ తల కూడా ఎత్తలేదు. కత్తెర పట్టి, దారం లాగి, అరుగు మీద అందరి వేళ్లూ కాయకట్టి ఉండేవి.

"బీడీ చేతులే ఇవి," అంది పెద్దమ్మ తన చేతులు ముందుకు చాపి. "మెత్తగుండనీకె మనం ఏమన్న పటేల్ బిడ్డలమా?"

ఒంట్లో వచ్చిన ప్రతి మార్పుకూ మా పనిలోనే ఒక కారణం సిద్ధంగా ఉంది. అందుకే మేం బయట వెతకలేదు.

మొదటిసారి కారఖానాలో అక్క కట్ట పక్కన పడింది. ఆ సాయంత్రం ఆమె ఆ కట్ట విప్పి, ఒక్కో బీడీని నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది.

"మంచిగనే ఉన్నయ్ గదనే?" అని నన్ను అడిగింది.

నేను నొక్కి చూశాను. నాకు బీడీలు చుట్టడం సరిగా రాదు. నాకే తెలిసింది, వాటిలో సగం బోలుగా ఉన్నాయి. ఆమెకు తెలియడం లేదు.

"నీ బీడీ పక్కకేసిండంటే వాని కండ్లు పోయినయ్," అంది పెద్దమ్మ. అక్క నవ్వింది కాని, ఆ తర్వాత రోజూ ఒక కట్ట పక్కన పడసాగింది. ఆమె అరుగు మీద మాట తగ్గించింది. ఒకరోజు తన చోటు నుంచి కొంచెం వెనక్కి, గోడవైపు జరిగి కూర్చుంది. ఎవరూ చూడకుండా చుట్టాలని. అది చూశాక బావ ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు.

ఒక ఆదివారం పొద్దున అక్క జొన్నరొట్టెలు కాలుస్తోంది. నేను ముందు గదిలో చదువుకుంటున్నాను. ఊరవతల హోట్గి రోడ్‌లో ఎవరో ఇల్లు కట్టుకున్నారని అక్క వంటింట్లోంచి చెబుతోంది. "అంత దూరం పోతే ముచ్చటకు ఎవరు దొరుకుతరే? గోడలతోని మాట్లాడాల్నా?" ఇంతలో వాసన వచ్చింది. రొట్టె మాడుతోందనుకున్నాను. కాదు. ఆ వాసన రొట్టెది కాదు.

లేచి వెళ్లాను. అక్క నావైపే చూస్తూ మాట్లాడుతోంది. రొట్టె అంచును పెనం మీద అదిమి పట్టిన మూడు వేళ్లు పెనానికి ఆని ఉన్నాయి. అక్కడి నుంచి సన్నగా పొగ వస్తోంది.

"అక్కా, కాలుతున్నది!"

"యాడ కాలుతున్నది? ఇప్పుడే ఏసిన."

"చెయ్యి! నీ చెయ్యి!"

ఆమె కిందికి చూసింది. చెయ్యి తీసింది. తోలు పెనం మీద అంటుకుని మిగిలింది. ఆమె ఆ వేళ్లను మొహం దగ్గర పెట్టుకుని చూసింది. ఎవరిదో వస్తువు తన చేతికొచ్చినట్టు.

"నొస్తలేదే," అంది. తర్వాత చాలా మెల్లగా, "నొస్తలేదేందే?"

నేను నీళ్లు పోశాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అన్నిటికంటే ఎక్కువ నన్ను భయపెట్టింది అదే.

భవాని పేట్‌లో ఒక పెద్దవయసు డాక్టరు ఉండేవాడు. బావా నేనూ అక్కను ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. కాలిన వేళ్లకు కట్టు కట్టి, రెండో చెయ్యి బల్ల మీద పెట్టమన్నాడు. కండ్లు మూసుకోమన్నాడు. ఏ వేలు ముట్టుకుంటే ఆ వేలు చెప్పమన్నాడు.

అక్క కండ్లు మూసుకుని ఎదురుచూసింది. "ముట్టుకోండ్రి సాబ్," అంది.

ఆయన అప్పటికే గుండుసూది మొనతో ఆమె చూపుడువేలిని పొడుస్తున్నాడు. బావ చూశాడు, నేను చూశాను. అక్క ఇంకా ఎదురుచూస్తోంది.

ఆయన ఆపరేషన్ గురించి అడిగాడు. మందులేమిటని అడిగాడు. బావ గర్వంగానే చెప్పాడు. గోళీలు దిగకపోవడం, రోట్లో నూరడం, కండె, అన్నీ. డాక్టరు విన్నాడు. "మరి సూది?" అన్నాడు.

"గోళీలు తాగవట్టినంక బంద్ చేసినం సాబ్."

ఆయన కలం కింద పెట్టాడు. సగం మరాఠీ, సగం హిందీలో ఆయన చెప్పింది ఇదీ. ఆ ఎర్ర మందులోది కూడా విటమినే. నరాలకు అదే తిండి. నోటితో వేసుకుంటే దాన్ని పట్టుకుని ఒంటికి అందించేది కడుపులో ఊరే ఒక రసం. ఆ రసం ఊరే భాగాన్నే కోసి తీసేశారు. అందుకే సూది. గోళీ మింగలేకపోయిందని కాదు, మింగినా ఒంటికి పట్టదని. పొడి చేసి తాగినా, వెండి గిన్నెలో తాగినా ఒకటే. మిగతా పొడులు మంచివే, అవి మానొద్దు.

బావ, "రోజూ తాగింది సాబ్," అన్నాడు. "ఒక్క పూట తప్పలె." డాక్టరు తల ఊపాడు. బావ మళ్లీ అదే మాట అన్నాడు. ఆ తప్పనితనానికి ఎక్కడో ఒక లెక్క ఉంటుందని, దాన్ని ఎవరో ఒప్పుకోవాలని అనుకున్నట్టున్నాడు.

రిక్షాలో వస్తూ అక్క కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుంది. "ఇన్నొద్దులు నేను తాగింది యాడికి పోయిందే మరి?" అని అడిగింది.

అదే రోజు సూది మొదలుపెట్టారు. మందు అదే ఎరుపు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "నా నోరు కాల!" అని ఒక్క మాట అని, లోపలికి వచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చుంది. అక్క ఆమె భుజం మీద ఎడమ చెయ్యి వేసింది. "నువ్వు గాకపోతే ఆ గోళీలు నా తాన దిగేటియా? ఊకో పెద్దమ్మా," అంది.

నాలుక మంట ముందు పోయింది. పాదాలు మెల్లగా తేరుకున్నాయి. చేతికి వేడి, చలి తెలిశాయి. కాని వేలి కొనకు తంబాకు ఎంతుందో చెప్పే ఆ సన్నని తెలివి తిరిగి రాలేదు. ఆలస్యమైందని, ఇంతకంటే రాదని డాక్టరు చెప్పేశాడు.

అక్క చాట వదల్లేదు. తన చోటికి తిరిగి వచ్చి కూర్చుంది. వేళ్లు చెప్పనిది కండ్లతో చూసుకోవడం నేర్చుకుంది. ఆకులో తంబాకు ఎంతవరకు వచ్చిందో వంగి చూసేది. చుట్టాక వెలుగుకు పట్టి చూసేది. ఆమె కట్టలు పక్కన పడటం తగ్గింది. పొద్దున కండె కూడా మానలేదు, చివరిదాకా.

"తల ఎత్తవేందే పిల్లా, మొగుని మీద అలిగినవా?" అనేది పెద్దమ్మ.

"ఎత్తితే బీడీ బోలైతది పెద్దమ్మా."

తల ఎత్తకుండానే జవాబు చెప్పేది. దారిన పోయేవాళ్లు పలకరిస్తే మాత్రం గుర్తుపట్టేది కాదు. వాళ్లు దాటిపోయాక, ఎవరే పోయింది, అని అడిగేది.

పరామర్శకు వచ్చినవాళ్లకు అక్క మొహం గుర్తుంది. చేతులు ఒళ్లో ఆడుతుంటే, రోడ్డు వైపు ఎత్తి పెట్టిన మొహం. బడి నుంచి నేను ఇంటికి వచ్చేసరికి నాకు కనిపించేది వంచిన తలలో ఆమె పాపిట. అంతకు ముందు అన్నేండ్లలో నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు.