చెట్టులో ఉండిపోయిన గొట్టం

టప్... టప్... ఖాళీ బాల్చీలో చుక్క పడుతున్నట్టు ఆ చప్పుడు మార్చి రెండో వారంలో అల్వినా చెవిన పడింది. కొండవాలున చివరి మేపుల్ చెట్టు దగ్గర్నుంచి. అక్కడ బాల్చీయే లేదు.

ఆ చెట్టులో రసం కారడానికి నిరుడు దిగ్గొట్టిన ఇనుప గొట్టం మాత్రం ఒకటి ఉండిపోయింది. మేపుల్ రసం పట్టి పాకం కాచే ఇళ్లలో ఎవరూ చెయ్యని తప్పది. రసం కారే రోజులు అయిపోగానే గొట్టాలన్నీ పీకి, కడిగి, పెట్టెలో సర్దాలి. లేకపోతే గాయం మానక చెట్టు లోపలే కుళ్ళుతుంది. నిరుడు ఆమె భర్త రోజైర్ అన్నీ పీకి, ఆ చివరిదాని దగ్గర సుత్తి చేతిలో ఉండగానే కూలి ప్రాణం వదిలాడు. ఆఖరిది పీకాక బాల్చీ బోర్లించి మూడు దెబ్బలు కొట్టడం ఆయన అలవాటు. అవి విని అల్వినా బఠానీ సూపు పొయ్యి మీద పెట్టేది. ఆ రోజు పొద్దుగూకేదాకా చెవులు రిక్కించుకుని కూర్చుంది. దెబ్బలు వినపడలేదు.

"వదినా, పాకం పొంగుతోంది! ఎటు చూస్తున్నావ్?" ఆడపడుచు లియోనా కేకేసింది.

అల్వినా పందికొవ్వు ముక్కను నురగకు తాకించింది. పొంగు చల్లారింది.

"ఆ చుక్కల చప్పుడు నీకు వినపడట్లేదూ?"

"నా కుడి చెవి అన్నయ్య గావుకేకలకే పోయింది. ఎడమది నీ సణుగుడు కోసం దాచుకున్నా." నవ్వబోయి వదిన మొహం చూసి ఆగింది. "నిరుటి గాయం ఈ ఏడు కారుతుందా ఎక్కడైనా? ఆ గొట్టం పీకి పారెయ్. చెట్టు చస్తుంది."

"పీకితే ఆయన పని అయిపోతుంది లియోనా."

లియోనా పొయ్యిలోకి రెండు కట్టెలు తోసింది.

రోజూ అల్వినా నిండు బాల్చీలతో మంచులో దిగబడుతూ వస్తుంటే వెనక ఇంకో జత బూట్లు కరకరలాడేవి. ఆమె ఆగితే అవీ ఆగేవి. భయం వెయ్యలేదు. నడక కాస్త నెమ్మది చేసింది, అంతే. ఆ చెట్టుకు ఒక డబ్బా కట్టి చూసింది. ఏ పొద్దున చూసినా పొడిగానే ఉండేది. చప్పుడు మాత్రం ఆగలేదు.

ఏప్రిల్ నడుమ కప్పలు అరవడం మొదలైంది. లియోనా గరిటెడు పాకం నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మింది. "చెట్లు మొగ్గ తొడిగాయి, రసానికి చేదు వచ్చేసింది వదినా. ఇక కాచడం దండగ."

అల్వినా గొట్టాలన్నీ పీకి చివరి చెట్టు దగ్గరికి వచ్చింది. బెరడు ఇనుము చుట్టూ పెదవిలా ముడుచుకుంటోంది. వచ్చే ఏడు సుత్తికి కూడా లొంగదు. గొట్టం కింద జానెడు మేర బెరడు నల్లబడింది. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. ఆయన ప్రాణంగా చూసుకున్న చెట్టు, తన మొండితనానికి కుళ్ళిపోతోంది.

ఆయన సుత్తితోనే కింది నుంచి రెండు దెబ్బలు వేసింది. గొట్టం ఊడి చేతిలో పడింది. ఎముకలా పొడిగా ఉంది.

చేతిలోని బాల్చీ బోర్లించి ఒకటి, రెండు, మూడు కొట్టింది.

"వినపడింది! సూపు పెడుతున్నా!" ఇంటి దగ్గర్నుంచి లియోనా అరిచింది.

చుక్కల చప్పుడు లేదు. అల్వినా వాలు దిగసాగింది. సగం దారిలో ఆగింది. వెనక ఆగడానికి ఏ బూట్లూ లేవు; తను ఒక్కతే.

ఆ ఏడాదిలో మొదటిసారి ఆమెకు భయం వేసింది.