అమ్మవారి పీట మీద చిన్న తెరచాప

మొన్న మా చెల్లెలిని చూడడానికి రాజమండ్రి వెళ్ళి, తిరిగి వస్తూ రైలెక్కి కొత్త వంతెన మీదుగా కొవ్వూరు వైపు దాటుతున్నాను. వంతెన సగానికి వచ్చేసరికి కింద ఒక నావ కనిపించింది. గాలి ఒక్కసారిగా విసిరింది కాబోలు, పెద్ద తెరచాప ఉబ్బి నావ ఒక పక్కకు ఒరుగుతుంటే ఇద్దరు తాళ్ళతో కుస్తీ పడుతున్నారు, మూడోవాడు బస్తాల కింద దేనికోసమో దేవులాడుతున్నాడు. వాడు దేవులాడేదేమిటో నాకు తెలుసు. పెట్టెలో అందరూ గోదావరిలో కానులు వేసి దణ్ణాలు పెట్టుకుంటుంటే నేను మాత్రం కిటికీలోంచి, దాన్ని పైన పెట్టుకోవాలి కదట్రా అని కేకేశాను. పక్కన కూర్చున్నావిడ నన్ను వింతగా చూసి కాస్త ఎడంగా జరిగింది.

నరసాపురం వైపు నావలున్న ఇళ్ళల్లో పుట్టి మెట్టిన నా ఈడు వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు గాని, ఇప్పటి పిల్లలకు చెప్పాలి. నావకు తెరచాపలు రెండు. మంచి గాలికి పెద్దది, గాలివానకు చిన్నది. పెద్ద చాప ఎగరేసి ఉండగా తుఫాను గాలి తగిలితే చాపయినా చిరగాలి, నావయినా బోల్తా పడాలి. అప్పుడు దాన్ని దించి, ముతక గుడ్డతో జంటకుట్టు వేసిన చిన్న చాపను ఎక్కిస్తారు. ఏడాదిలో ఒకసారి కూడా అవసరం పడకపోవచ్చు. పడినప్పుడు మాత్రం వెతుక్కునే వ్యవధి ఉండదు. అందుకని అది తెరచాప కొయ్య మొదట్లోనే ఉండాలి, దాని మీద చెంబు కూడా పెట్టకూడదు. ప్రతి అమావాస్యకూ ఇంటికి తెచ్చి, ఎండబెట్టి, ఎలుక కొరికిందేమో చూసి, మళ్ళీ మడత పెట్టి పంపడం ఆడవాళ్ళ పని.

ఆ మడత కూడా చీర మడతలాంటిది కాదు. కొయ్యకు కట్టే కొస పైకి రావాలి, మిగతాదంతా చుట్టలా చుట్టి అరటినారతో అక్కడక్కడ కట్టాలి. చుట్టను విప్పకుండా చుట్టలాగే పైకి లాగి, కింద నుంచి ఒక్క గుంజు గుంజితే నారలు పటపట తెగి చాప విచ్చుకుంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నా కళ్ళకు పైటకొంగు కట్టి, వాకిట్లో ఇరుగుపొరుగు అమ్మలక్కలందరి ఎదుటా ఈ మడత పెట్టించారు. పొరపాటు చేస్తే విప్పేసి మళ్ళీ మొదటినుంచి. ఈవిడ కోడల్ని తెచ్చుకుందా, నావలోకి కళాసీని తెచ్చుకుందా అని లోపల తిట్టుకునేదాన్ని.

దసరాలో పనిముట్లకు పూజ చేస్తాం కదా. నావను ఇంట్లోకి తేలేం కనుక దాని తరఫున చిన్న చాప వచ్చేది. ఆ తొమ్మిది రోజులూ నావ రేవులోనే కట్టేసి ఉండేది. కలశం పక్కన పీట మీద, అరటినార తీసేసి పసుపుతాడుతో ముడులు వేసి, బొట్టు పెట్టి కూర్చోబెట్టేవారు. దశమినాడు కలశానికి ఉద్వాసన చెప్పాకే పీట మీంచి తీయాలి.

ఒక ఏడు నవమినాడు పొద్దున్నే మా మామగారికి కాకినాడ రేవుకు బియ్యం చేర్చమని కబురొచ్చింది. అక్కడ ఓడ ఆగేట్టు లేదు. ఆయనా మా ఇంటాయనా బయలుదేరుతూ, గుమ్మంలో నిలబడి చిన్న చాప అడిగారు. కలశం కదపకుండా పీట మీద వస్తువు తియ్యకూడదండి, అని అత్తగారు అడ్డం పడ్డారు. ఆకాశం అద్దంలా ఉంది. మామగారు ఒకసారి పైకి చూసి, సరే, అమ్మవారి దగ్గరే ఉండనీ, అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం గాలి తూర్పుకు తిరిగింది. సముద్రపు కొంగలు గుంపులుగా ఊళ్ళోకి వచ్చి పెంకుటిళ్ళ మీద వాలాయి. అత్తగారు పెరట్లో అంట్లు తోముతున్నవారల్లా చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళాను. ఆవిడ అమ్మవారికి దణ్ణం పెట్టి, అమ్మా, నీకు కోపమొస్తే నా మీద చూపించు, ఇది నావలో ఉండాల్సింది, నేనే ఆపేశాను, అని చెప్పి కలశం కదిపి చాప చంకలో పెట్టుకున్నారు. నేనూ ఆవిడ వెంట పరుగెత్తాను. నావలో ఉన్నది మా మామగారొక్కరే కాదు, మా ఇంటాయన కూడాను.

రేవులో దాటింపు పడవ నడిపే పెద్దాయన్ని బతిమాలి, ఏటివాలున అంతర్వేది వైపు బయలుదేరాం. మావాళ్ళు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర లంగరేసి, తెల్లవారి పోటు నిండాక సముద్రంలోకి దిగుతారు. అంతలోపల అందుకోవాలి. సగం దూరం పోయాక నాకు చటుక్కున తట్టింది, అత్తయ్యా, పసుపుతాడు తెగదండీ, అన్నాను. పడవవాడు కత్తి ఇచ్చాడు. ఆవిడ పుచ్చుకోలేదు. భర్త నీళ్ళ మీద ఉండగా పసుపుతాడు ఎవరు కోస్తారు? ఊగుతున్న పడవలో ఒక్కొక్క ముడినీ పంటితో విప్పారు. పడవను ఒడ్డుకు ఆనించి తెంపుకున్న అరటినారతో నేను మళ్ళీ చుట్టాను. జల్లు కళ్ళలో కొడుతుంటే ఏమీ కనిపించడం లేదు. ఆ మడతకు కళ్ళతో పనిలేదని ఆ రోజు తెలిసింది, ఆవిడ మీదున్న కోపమంతా ఆ పడవలోనే పోయింది.

పొద్దు వాలకముందే నావను చేరాం. అప్పటికే లంగరు జారుతోంది, నావ కెరటాలు విరిగే ఇసుక మేట వైపు కొట్టుకుపోతోంది.

ఏంటే, కలశం కదిపేశావా? అన్నారు మామగారు.

కదిపేశానండి. ముందు అందుకోండి, అన్నారు ఆవిడ.

మా ఇంటాయన చుట్టను పైకి లాగి ఒక్క గుంజు గుంజారు. నారలు తెగాయి. నావ ఒక్కసారి ఒణికి, తల తిప్పుకుని, మడచెట్ల మధ్యనున్న పాయలోకి నడిచింది. గాలి తగ్గేదాకా అందరం అక్కడే తలదాచుకున్నాం.

అపచారం చేసిందని వీధిలో ఆవిణ్ణి చాలాకాలం ఆడిపోసుకున్నారు. మరుసటి ఏడు నుంచి దసరాకు చాప ఇంటికి రాలేదు, ఆవిడే కలశం పట్టుకుని నావలోకి వెళ్ళి పూజ చేసుకునేవారు. నాలుగేళ్ళకు వీధిలో నావలున్న వాళ్ళందరూ అలాగే చేశారు.

ఇప్పుడు అత్తగారు లేరు, మామగారు లేరు, మా ఇంటాయనా లేరు. చిన్నకొడుకు సముద్రం అవతలి రంగం రేవుకు వెళ్ళే పొగఓడలో కొలువు చేస్తున్నాడు. గాలివానంటే భయం లేదమ్మా, అంతా యంత్రమే, అంటాడు. నిజమే అయివుంటుంది. కాని గాలి తూర్పుకు తిరిగిన రోజున మా అత్తగారికి పరుగెత్తుకెళ్ళి అందించడానికి ఒకటుండేది. నేను గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తాను, అంతే.