లెయ్‌మౌరి చెప్పిన అర్థం

పసిఫిక్ సముద్రంలోని వనువాటు దేశంలో, ఒక నిప్పుకొండ దీవిలో లెయ్‌మౌరి చదివిందల్లా మిషన్ బడిలో ఆరో తరగతి దాకా. అయినా ఇంగ్లీషు మాట్లాడేవాడు ఎవడొచ్చినా ఊరు ఆమెనే ముందుకు తోసేది. మందు సీసా మీద రాత చదవాలన్నా ఆమే, దారి తప్పిన పడవవాడికి బదులు చెప్పాలన్నా ఆమే. తెలియని మాట తగిలితే తెలిసినట్టే దాటేసేది. ఇన్నేళ్లూ దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

ఆ ఏడు బూడిద రాలి చేమమొక్కలు మాడిపోయాయి. పట్టుకున్న వాననీళ్లు పుల్లబడ్డాయి. కొండను చూడవచ్చిన శాస్త్రవేత్త ఊరందరి ముందూ, అది పేలడం "ఇనెవిటబుల్" అన్నాడు. లెయ్‌మౌరి కాసేపు తడుముకుని, తమ బిస్లామా భాషలో "మస్" అంది. చెయ్యక తప్పని పనికీ, రాక తప్పని ఆపదకీ వాళ్లకి ఆ ఒక్క మాటే.

"మస్సా? ఎవడే ఆ మాటన్నది? ఈ దొరా, సర్కారా?" అన్నాడు మేనమామ గరాయ్. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆయనే.

"ఎవరూ అనలేదు మామా."

"ఎవరూ అనకుండా తప్పనిసరి ఎట్టా అవుద్దే? మీ ఆయన నువ్వు అరిస్తేనే గదా కట్టెలు కొట్టేది!"

అందరూ గొల్లుమన్నారు. లెయ్‌మౌరికి నవ్వు రాలేదు. ఎవరూ అనకపోతే ఆ ఆజ్ఞ కొండదే, బతిమాలి రద్దు చేయించుకోవచ్చన్న ఆలోచన ముసలాయనను గట్టిగా పట్టుకుంది. ఊరివాళ్లను తీసుకుపోయే పడవ వచ్చిన రోజున అందరూ చాపలు చుట్టుకుంటుంటే, ఆయన కొండకు ఇవ్వడానికి కోరల పందిని కట్టేస్తున్నాడు. కాళ్ల కింద నేల గుడగుడమంటూనే ఉంది. ఈయన్ని వదిలి ఎలా పోవడం అని ఆమెకు ఏడుపొచ్చింది.

"మామా, నేను సరిగా చెప్పలేదు. అది ఆర్డరు కాదు. నొప్పులు మొదలైన ఆడదాన్ని చూశావు గదా! బతిమాలితే బిడ్డ ఆగుద్దా? పందినిస్తే ఆగుద్దా? అదీ ఆ మాటకు అర్థం."

గరాయ్ కొండవైపు చూశాడు. తాడు విప్పి పందిని వదిలేశాడు. లెయ్‌మౌరికి ప్రాణం లేచొచ్చింది. ఆయన చాప కూడా తనే చుట్టి చంకన పెట్టుకుంది.

"ఇప్పుడు తెలిసిందే అమ్మీ," అన్నాడు మెల్లగా. "పాపం, నొప్పులు పడతా ఉందన్నమాట. అట్టాంటప్పుడు ఒంటరిగా వదిలేసి పోతారా ఎవరైనా?"

ఆమె చంకలోంచి చాప లాక్కుని, కొండ కనబడేలా గుమ్మంలో పరుచుకుని కూర్చున్నాడు. రేవులోంచి పడవవాళ్లు లెయ్‌మౌరిని పేరు పెట్టి పిలుస్తున్నారు.