అక్కను రొట్టెలు తినమన్నది నేనే

మా అక్క వరంగల్‌లో జంపఖానాలు నేసేది. బావ పవర్‌లూమ్ షెడ్డులో పనికి పోతే ఇంట్లో చేతిమగ్గం అక్కది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచి ఆమెకు రక్తం తక్కువ. ఐరన్ గోలీలు మింగీ మింగీ విసిగిపోయింది కానీ రక్తం పెరగలేదు. ఆడవాళ్ళకు మామూలేలే అనుకున్నాం. ఎందుకు పెరగడం లేదని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు.

నలభై దాటాక షుగర్ వచ్చింది. నేను రఘునాథపల్లిలో బడిపంతులును. చదువుకున్నవాణ్ణని ఇంట్లో నా మాటకు విలువ. అన్నం తగ్గించి గోధుమ రొట్టెలు తినమని అక్కకు చెప్పింది నేనే. గిర్నీలో పిండి పట్టించి ఆదివారం ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి.

"రొట్టె తింటే కడుపుల రాయి వెట్టినట్టు ఉంటాంది తమ్మీ" అంది ఒకరోజు.

"అలవాటు లేక అట్లనిపిస్తది అక్కా. నెల రోజులు తిను, అదే సెట్ అయితది."

నా మాట కాదనలేదు. రెండు పూటలా రొట్టెలే తినడం మొదలుపెట్టింది.

ఏడాది తిరిగేసరికి అక్క సగమైంది. రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలు అయ్యేవి. ఆ సంగతి బావకు కూడా సరిగా చెప్పలేదు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం సన్నబడ్డావని మెచ్చుకున్నారు. షుగర్ అదుపులోకి వచ్చిందని నేనూ సంబరపడ్డాను. ఒక ఆదివారం ఆమె నాకు నీళ్ళు అందిస్తుంటే మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు మోచేతి దాకా జారిపోయాయి. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది.

తర్వాత సాయంత్రాలు జ్వరం మొదలైంది. పొద్దున లేచేసరికి జాకెట్టు చెమటకు తడిసి ఉండేది. పాదాలు ఉబ్బాయి. తిన్న గంటకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఆ నొప్పికి జడిసి తినడమే తగ్గించింది. స్కానింగ్‌లో చిన్నపేగు గోడ మందంగా ఉందని, పక్కన గడ్డలు కనిపిస్తున్నాయని వచ్చింది. పేగుల టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. మొదటి నెల కాస్త కోలుకున్నట్టే కనిపించింది. మూడో నెలకు జ్వరం తిరిగొచ్చింది. పేగులోంచి ముక్క తీసి పరీక్ష చేయాలని డాక్టర్ అంటే అక్క ఒప్పుకోలేదు.

"కోర్సు అయిపోనీ తమ్మీ. ఊకె పొడుసుడు, కోసుడు నాతోని కాదు" అంది. నేనూ గట్టిగా చెప్పలేకపోయాను.

ఒక మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా బావ ఫోన్ చేశాడు.

"జల్ది రా బామ్మర్దీ. మీ అక్క పొట్ట చెక్క లెక్క గట్టిగయింది. చెయ్యి పెట్టనిస్తలేదు."

నేను దవాఖానకు చేరేసరికి అక్కను లోపలికి తీసుకుపోయారు. పేగుకు రంధ్రం పడింది. పాడైన మూరెడు పేగు కోసి తీసేశారు. బయటికి వచ్చిన సర్జన్ మాస్క్ కిందికి లాగి, "టీబీ లెక్క లేదు సార్, ల్యాబుకు పంపుతున్నం" అన్నాడు. ఆయన నా కళ్ళలోకి చూడలేదు.

రిపోర్టులో లింఫోమా అని ఉంది. పేగులో పుట్టే అరుదైన రకం అన్నారు. హైదరాబాద్‌లో క్యాన్సర్ డాక్టరమ్మ కాగితాలన్నీ చదివి, ఇది ఎప్పుడు మొదలైందని అడిగింది. ఆరు నెలల కింద అన్నాడు బావ. షుగర్ వచ్చినప్పటి నుంచి అన్నాను నేను. పడుకున్న అక్క తల తిప్పింది.

"నాకు కడుపు సక్కగున్న రోజు యాదికే లేదు మేడం. చిన్నప్పటి సంది గింతే."

డాక్టరమ్మ రాయడం ఆపింది. కొందరి ఒంటికి గోధుమ పడదని, తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర దెబ్బతింటుందని, తిన్నది ఒంటికి పట్టక రక్తం తగ్గుతుందని చెప్పింది. ఏళ్ళ తరబడి అలాగే సాగితే ఏ కొద్దిమందికో అక్కడి కణాలు ఇలా మారుతాయట. అక్కకు రక్త పరీక్ష చేయిస్తే ఆమె అనుమానమే నిజమైంది.

అక్క వినకుండా వరండాలోకి వచ్చి అడిగాను. "రొట్టెలు తినమన్నది నేనే మేడం. దానివల్లనే వచ్చిందా?"

"ఇది ఎప్పటి నుంచో లోపల ఉన్న జబ్బు. ఉప్మా, బ్రెడ్డు, బిస్కెట్లు ఆమె ముందు నుంచీ తింటూనే ఉన్నారు కదా" అంది. కాదు అనే మాట మాత్రం ఆమె అనలేదు.

కీమో మూడుసార్లు ఎక్కించారు. రెండోసారి తర్వాత రైల్లో తిరిగి వస్తుంటే స్టేషన్ ఘన్‌పూర్ దాటాక అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు జెప్పినవని తిన్ననా? షుగర్ పోవాలెనని తిన్న. ఫికర్ చెయ్యకు."

నేను ఆమెతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అయినా ఆమెకు తెలిసిపోయింది. మూడో కీమో అయిన పది రోజులకు పేగు ఇంకోచోట పగిలింది. ఈసారి ఆపరేషన్‌కు ఒంట్లో బలం లేదన్నారు. రెండు రోజులకు అక్క పోయింది.

దినాలు అయ్యాక డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. తోడబుట్టినవాళ్ళు కూడా పరీక్ష చేయించుకోవాలని, పరీక్ష అయ్యేదాకా గోధుమ మానొద్దని, మానితే అసలు సంగతి బయటపడకపోవచ్చని ఆమె అంది. నాకు ఏ బాధా లేదు. అయినా చేయించుకున్నాను. గోధుమ పడని జబ్బు నాకూ ఉందని వచ్చింది. తర్వాత నోట్లోంచి గొట్టం వేసి పేగు చూసి ఖాయం చేశారు. గోధుమ పూర్తిగా మానేస్తే పేగు కోలుకుంటుందని, అక్కకు వచ్చింది రావడం చాలా అరుదని ధైర్యం చెప్పారు. మానేశాను. అయినా కడుపులో కాస్త మెలిపెడితే చాలు, చేస్తున్న పని ఆపి పొట్ట నొక్కి చూసుకుంటాను.

నా బిడ్డకు పన్నెండేళ్ళు. నోటిపూత వచ్చిందని తరచూ ఏడుస్తుంది. తేనె రాసి వదిలేసేవాళ్ళం. అదీ ఈ జబ్బుకు గుర్తు కావచ్చని నన్ను చూసిన డాక్టర్లు అన్నారు. మొన్న సోమవారం దాని రక్తం తీయించాం. సూది గుచ్చుతుంటే కళ్ళు మూసుకోకుండా నన్నే చూస్తూ కూర్చుంది. రిపోర్టుకు వారం పడుతుందన్నారు. ఇవాళ్టికి నాలుగు రోజులు.